అందరూ మొదటి బంతికే కూర్చుంటే?

ప్రశ్న: నేను హైస్కూలు టీచరుగా చేసి నిరుడు రిటైరయ్యాను. మాది గుంటూరు జిల్లా. రిటైరయ్యాక వచ్చినది, అంతకుముందు దాచుకున్నది కలిపి 46 లక్షలు ఉంది. 24 లక్షలు ఒక ప్రభుత్వ బ్యాంకులో, 14 లక్షలు ఊళ్ళో ఉన్న సహకార అర్బన్ బ్యాంకులో, 8 లక్షలు ఒక మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార) సొసైటీలో ఎఫ్‌డీలు వేశాను. అన్నీ నా పేరు మీదే. సొసైటీ ఏజెంటు మా పక్కింటి అబ్బాయే, నా దగ్గర చదువుకున్నవాడు. వాళ్ళు బ్యాంకు కంటే చాలా ఎక్కువ వడ్డీ ఇస్తున్నారు. ఈమధ్య వాట్సాప్‌లో ఒక ఆడియో వచ్చింది. దేశంలో బ్యాంకులన్నీ మునిగిపోయేలా ఉన్నాయని, మునిగితే మన డిపాజిట్లతోనే నష్టం పూడ్చుకునేలా చట్టం చేశారని అందులో ఉంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి కూడా అక్కడ ఒక పెద్ద బ్యాంకు రెండు రోజుల్లో మూతపడిందని చెప్పాడు. మా ఆయనేమో అంతా తీసేసి బంగారం కొందామంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: టీచరు గారూ, మీరు ఒక్క ప్రశ్నే అడిగాననుకుంటున్నారు గానీ మీ ఉత్తరంలో రెండున్నాయి. దేశంలో బ్యాంకుల వ్యవస్థ నిలబడుతుందా అన్నది ఒకటి. మీ 46 లక్షలు మీ చేతికి తిరిగొస్తాయా అన్నది ఇంకొకటి. మొదటిదాని గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. రెండోదాని గురించి మాత్రం మీ ఉత్తరం చదివాక కాస్త పట్టుకుంది. అదీ ఆ 24 లక్షల గురించి కాదు. మీరు అందరికంటే ఎక్కువ నమ్మి డబ్బు పెట్టిన చోటు గురించి.

ముందు ఆ ఆడియో సంగతి. అది పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. 2017 ఆగస్టులో కేంద్రం లోక్‌సభలో ఎఫ్‌ఆర్‌డీఐ అనే బిల్లు పెట్టింది. మునిగే బ్యాంకును నిలబెట్టడానికి దాని అప్పులను, అంటే బ్యాంకు మునిగినా ఇంతవరకు ఇస్తామని ఉండే బీమా పరిధి దాటిన డిపాజిట్లను కూడా, తగ్గించడానికో వాటాలుగా మార్చడానికో వీలిచ్చే ‘బెయిల్ ఇన్’ నిబంధన అందులో ఉంది. జనం భయపడ్డారు, గొడవ చేశారు. 2018 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లును వెనక్కి తీసేసుకుంది. అది చట్టం కానే లేదు. ఎవరో ఆ పాత పులుసునే మళ్ళీ మళ్ళీ కాచి మీ ఫోనుకు పంపుతున్నారు.

ఇక బ్యాంకు ఎందుకు మునుగుతుందన్నది. మీకు పెళ్ళిభోజనాలు తెలుసు కదా. ఆరువందల మందిని పిలుస్తాం, బంతికి నూట యాభై మందిని కూర్చోబెడతాం. ఒక బంతి లేస్తుంటే ఇంకో బంతికి అన్నం దిగుతూ ఉంటుంది. ఎవరికీ తక్కువ కాదు. ఈలోగా ఎవరో ‘పప్పు అయిపోతోందట’ అన్నారనుకోండి. ఆరువందల మందీ మొదటి బంతికే ఎగబడతారు. గాడిపొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంటుంది, కొట్టుగదిలో బియ్యం ఉంటాయి, అయినా ఆ పూట ఆ పెళ్ళివారి పరువు పోతుంది. బ్యాంకు పనీ ఇదే. మీరు ఏడాదికో రెండేళ్ళకో వేసిన డబ్బును అది ఇరవై ఏళ్ళ ఇంటి అప్పుగా ఇస్తుంది. ఎంత గొప్ప బ్యాంకైనా అందరి డబ్బూ ఒకే రోజు ఇవ్వలేదు. అది మోసం కాదు, బ్యాంకు అంటేనే అది.

కాబట్టి బ్యాంకుకు వచ్చే జబ్బులు రెండు. ఇచ్చిన అప్పులు తిరిగిరాకపోవడం ఒకటి, అంటే నిజంగానే బియ్యం లేకపోవడం. అందరూ ఒక్కసారే రావడం రెండోది. చాలాసార్లు మొదటిదాని వాసన తగలగానే రెండోది వచ్చేస్తుంది.

మీ అబ్బాయి చెప్పిన అమెరికా బ్యాంకు సిలికాన్ వ్యాలీ బ్యాంకు అనుకుంటాను. వడ్డీ రేట్లు బాగా తక్కువగా ఉన్న రోజుల్లో అది దీర్ఘకాల బాండ్లు గుట్టలుగా కొంది. రేట్లు పెరిగి కొత్త బాండ్లకు ఎక్కువ వడ్డీ వచ్చేసరికి ఆ పాత బాండ్ల విలువ పడిపోయింది. ఆ నష్టం బయటపడగానే 2023 మార్చి 9న ఒక్క రోజులో ఖాతాదారులు 4,200 కోట్ల డాలర్లు వెనక్కి అడిగారు. మర్నాడు మూసేశారు. అక్కడ డిపాజిట్ బీమా రెండున్నర లక్షల డాలర్ల వరకే. ఆ బ్యాంకులో తొంభై శాతానికి పైగా డబ్బు ఆ గీత దాటి ఉంది. ఖాతాదారుల్లో ఎక్కువమంది స్టార్టప్ కంపెనీలవాళ్ళు, ఒకరికొకరు తెలిసినవాళ్ళు, అందరి చేతుల్లో ఫోన్లు. క్యూలో నిలబడే పని కూడా లేకపోయింది. ఇంకో సంగతి మీ అబ్బాయి చెప్పాడో లేదో, బీమా పరిధి దాటిన వాళ్ళకి కూడా అమెరికా ప్రభుత్వం మొత్తం ఇప్పించింది.

మన దగ్గరా ఇలాంటివి జరిగాయి. ఒకటి నేను దగ్గర నుంచి చూశాను. 2004లో సికింద్రాబాద్‌లో ఒక ప్రభుత్వ బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తున్నాను. గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు ఆ ఊరిదే, 1994లో మొదలైంది, ఏసీ బ్రాంచీలతో తళతళలాడుతూ ఉండేది. షేర్ బ్రోకరు కేతన్ పారేఖ్ కుంభకోణం తర్వాత దాని లెక్కలు తేలలేదు. జులై 24, శనివారం, రిజర్వు బ్యాంకు మారటోరియం, అంటే చెల్లింపుల మీద తాత్కాలిక ఆంక్ష, పెట్టింది. ఒక్కొక్కరు పదివేలు మించి తీసుకోకూడదు. సోమవారం పొద్దున మా కౌంటరు దగ్గరకు ఒక పెద్దాయన వచ్చారు. ఆయనకి ఆ బ్యాంకులో ఖాతా లేదు, మా దగ్గరే ఉంది. పాస్‌బుక్కు బల్ల మీద పెట్టి, ‘బాబూ, మీదీ ఇంతేనా?’ అని అడిగారు. ‘బ్యాంకుల వ్యవస్థకు ముప్పు’ అని పెద్ద పెద్ద రిపోర్టుల్లో రాసేది ఈ మాట గురించే. ఒక ఇల్లు అంటుకుంటే పక్కింటి వాళ్ళు సామాన్లు బయట వేసుకోవడం మొదలుపెడతారు.

ఆ సోమవారమే ఆ బ్యాంకును ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలుపుతున్నట్టు ప్రకటన వచ్చింది. మూడు వారాల్లో విలీనం అయిపోయింది. డిపాజిటర్ల డబ్బు పోలేదు. షేర్లు కొన్నవాళ్ళకి మాత్రం చిల్లిగవ్వ రాలేదు.

2020 మార్చి 5 రాత్రి యెస్ బ్యాంకు వంతు. యాభై వేల పరిమితి పెట్టారు. అది వెనక నుంచి నడిపిస్తున్న ఫోన్‌పే కూడా ఆ రాత్రి ఆగిపోయింది. యెస్ బ్యాంకు పేరు కూడా వినని కిరాణా కొట్టువాళ్ళకి అలా తగిలింది దెబ్బ. పూరీ జగన్నాథుడి డబ్బు 500 కోట్ల పైన అందులో ఇరుక్కుంది. మన తిరుమల వాళ్ళు కొన్ని నెలల ముందే సుమారు 1,300 కోట్లు వెనక్కి తెచ్చుకున్నారు. (వడ్డీ లెక్కలు వెంకన్నకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాయి, కుబేరుడికి ఇప్పటికీ కడుతున్నాడు కదా.) స్టేట్ బ్యాంకు, ఇంకొన్ని బ్యాంకులు పెట్టుబడి పెట్టాక 18వ తేదీకల్లా ఆంక్షలు ఎత్తేశారు. అదే ఏడాది నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకుకు మారటోరియం పెట్టి, పది రోజుల్లో సింగపూరుకు చెందిన డీబీఎస్ బ్యాంకులో కలిపేశారు. ఈ మూడు చోట్లా మామూలు డిపాజిటర్లకి అసలు, వడ్డీ దక్కాయి. యెస్ బ్యాంకులో ‘ఏటీ 1’ బాండ్లు, అంటే బ్యాంకు దెబ్బతింటే రద్దయ్యే షరతున్న బాండ్లు, కొన్నవాళ్ళ 8,400 కోట్లు మాత్రం ఒక్క కలంపోటుతో రద్దు చేశారు. దానిమీద కోర్టు గొడవలు నడిచాయి. ఆ బాండ్లు ఎఫ్‌డీ లాంటివేనని చెబితే నమ్మి కొన్న పెద్దవయసు వాళ్ళు కూడా ఉన్నారు. బ్యాంకులో కూర్చుని ఎవరైనా ‘ఎఫ్‌డీ కంటే మంచిది మేడమ్’ అని ఏదైనా చూపిస్తే, మీరు కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

ఇవన్నీ చూసి బ్యాంకులకు ఏమీ కాదని నేను రాసివ్వను. 2018 మార్చిలో మన బ్యాంకులు ఇచ్చిన ప్రతి వంద రూపాయల అప్పులో 11 రూపాయల పైన మొండి బకాయే. ఇప్పుడు అది మూడు రూపాయల లోపు. బ్యాంకుల సొంత పెట్టుబడి కూడా రిజర్వు బ్యాంకు ఉండాలన్న దానికంటే బాగా ఎక్కువే ఉంది. అయితే ఈ తగ్గుదల అంతా వసూళ్ళ వల్ల వచ్చింది కాదు. పెద్ద భాగం ఇక రావని బ్యాంకులు తమ లెక్కల్లోంచి తీసేసినవే. ప్రభుత్వ బ్యాంకులను నిలబెట్టడానికి 2017 అక్టోబరులో కేంద్రం 2.11 లక్షల కోట్ల పథకం ప్రకటించింది. ఆ భారం చివరికి మీరూ నేనూ కట్టే పన్నుల మీదే పడుతుంది. అంటే డిపాజిటరుగా మనకి పోనిది, పన్ను కట్టేవాళ్ళుగా పోయింది. ఇది ఎవరూ బల్లగుద్ది చెప్పరు.

ఇప్పుడు నన్ను ఆలోచింపజేసేది తనఖా లేని పర్సనల్ లోన్లు, యాప్‌లో పది నిమిషాల్లో ఇచ్చే అప్పులు. వాటిలో చాలా అప్పులు ఇచ్చేది ఫైనాన్సు కంపెనీలు, ఆ కంపెనీలకు డబ్బు అప్పిచ్చేది బ్యాంకులు. గొలుసులో ఒక కొస తెగితే ఇంకో కొసకు తగులుతుంది. 2018లో ఐఎల్‌ఎఫ్‌ఎస్ అనే పెద్ద ఫైనాన్సు సంస్థ అప్పు కట్టలేక చేతులెత్తేసినప్పుడు జరిగింది అదే. ఆ వేడి ఇంటి అప్పులిచ్చే డీహెచ్‌ఎఫ్‌ఎల్‌కీ, యెస్ బ్యాంకుకీ తగిలింది. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్సు ఆర్డినెన్సు వచ్చి వారం వారం కిస్తీలు ఆగిపోయినప్పుడు కూడా, ఆ కంపెనీలకి అప్పిచ్చిన బ్యాంకుల గుండెల్లో రాయి పడింది. ఈ తీరు గమనించే కాబోలు, 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు ఇలాంటి అప్పులకు బ్యాంకులు ఎక్కువ పెట్టుబడి పక్కన పెట్టాలని నిబంధన బిగించింది.

సరే, వ్యవస్థ సంగతి అది. ఇక మీ డబ్బు.

ప్రభుత్వ బ్యాంకులో ఉన్న 24 లక్షల జోలికి నేను వెళ్ళను. అందులో 5 లక్షలకే బీమా ఉన్నా, దాని యజమాని కేంద్ర ప్రభుత్వం. అలాంటి బ్యాంకు బలహీనపడితే ఏం చేస్తారో మనం చూశాం. మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. మనకి మనసు నొచ్చుకుంది, పాస్‌బుక్కు రంగు మారింది, రూపాయి మాత్రం పోలేదు.

సహకార బ్యాంకులో ఉన్న 14 లక్షలు వేరే కథ. మీ ఊరి బ్యాంకు మంచిదే కావచ్చు, నాకు తెలియదు. కానీ సహకార బ్యాంకు మునిగితే దాన్ని కలుపుకోవడానికి ఎవరూ పరుగెత్తుకు రారు. 2000 తర్వాత హైదరాబాద్‌లో కృషి, చార్మినార్, వాసవి సహకార బ్యాంకుల ముందు నిలబడ్డ జనాన్ని చూసినవాళ్ళం మేము. ఇటీవలిది ముంబైలో పీఎంసీ బ్యాంకు. ఒక్క రియల్ ఎస్టేట్ గ్రూపుకే, హెచ్‌డీఐఎల్‌కి, తన అప్పుల్లో డెబ్బై శాతం దాకా ఇచ్చి, అది కనపడకుండా ఇరవై వేలకు పైగా దొంగ ఖాతాలు సృష్టించింది. 2019 సెప్టెంబరులో బయటపడ్డాక మొదట ఆరు నెలలకి కలిపి వెయ్యి రూపాయలే తీసుకోనిచ్చారు. వెయ్యి! తర్వాత పెంచారనుకోండి. 2022 జనవరిలో ఇంకో బ్యాంకులో కలిపినప్పుడు, 5 లక్షలు దాటిన వాళ్ళకి మిగతాది విడతలుగా, కొందరికి పదేళ్ళ దాకా, ఇస్తామన్నారు.

చాలామంది బ్యాలెన్సు షీటు చూసి బ్యాంకును ఎంచుకోమంటారు. నికర మొండి బకాయిలు 6 శాతం దాటాయా అని చూడండి, అది రిజర్వు బ్యాంకు కూడా ఎర్రజెండా ఎత్తే గీత. కానీ పీఎంసీ బ్యాలెన్సు షీటు కూడా శుభ్రంగానే ఉండేది. అందుకని నాకు లెక్కలు చదవడం మీద కంటే డబ్బు విడదీసి పెట్టడం మీదే నమ్మకం.

బీమా ఎలా పనిచేస్తుందో చెప్తాను. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడ్డాక మొదలైన ఏర్పాటు ఇది. 1962లో పరిమితి 1,500 రూపాయలు. 1993 నుంచి లక్ష, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. ఒక బ్యాంకులో ఒక మనిషికి, ఆ బ్యాంకు బ్రాంచీలన్నిటిలో ఉన్నదీ కలిపి, అసలు, వడ్డీ కలిపి ఇంత. కాబట్టి 5 లక్షలు కాకుండా నాలుగున్నర వేయండి, వడ్డీకి చోటుంటుంది. ఇందులో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. మీ ఒక్కరి పేరున ఉన్నది, మీ ఆయన ఒక్కరి పేరున ఉన్నది, మీ పేరు ముందు ఆయన పేరు తర్వాత ఉన్న జాయింటు, ఆయన పేరు ముందు మీ పేరు తర్వాత ఉన్న జాయింటు, ఈ నాలుగింటికీ విడివిడిగా బీమా వర్తిస్తుంది. అంటే మీకు ఆ బ్యాంకు వదలడం ఇష్టం లేకపోతే, అదే 14 లక్షలను నాలుగు ముక్కలు చేసి అక్కడే ఉంచుకోవచ్చు. మీ డబ్బు ఆయన పేరున వేస్తే ఆ వడ్డీ ఆదాయం పన్ను లెక్కలో మీకే కలుపుతారు, అది గుర్తుంచుకోండి.

అయితే బీమా ఉందంటే డబ్బు వస్తుందని అర్థం, రేపే వస్తుందని కాదు. 2021లో చట్టం మార్చారు కాబట్టి ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో బీమా సొమ్ము ఇవ్వాలి. అంతకుముందు బ్యాంకు దివాలా తేలేదాకా ఏళ్ళ తరబడి ఆగాల్సి వచ్చేది. ఆ మూడు నెలలకి మీకు మందులు, ఇంటి ఖర్చు, ఆసుపత్రి అవసరం వస్తే? అందుకే చేతి ఖర్చుకు ఉంచుకునే డబ్బు ఆ బ్యాంకులో వద్దు, పెన్షను వచ్చే ఖాతాలో ఉంచండి.

ఇప్పుడు సొసైటీ. టీచరు గారూ, అది బ్యాంకు కాదు. 1995 నాటి మన రాష్ట్ర చట్టం కింద రిజిస్టరైన పరస్పర సహాయ సహకార సంఘం. దాని మీద రిజర్వు బ్యాంకు అజమాయిషీ లేదు, అక్కడి డిపాజిట్లకి ఒక్క రూపాయి బీమా లేదు. రశీదు బ్యాంకు రశీదులాగే ఉంటుంది, ఆఫీసులో గాజు తలుపు ఉంటుంది, గోడకి దేవుడి పటం ఉంటుంది. 2022లో కాకినాడలో ఒక సొసైటీ చేతులెత్తేసినప్పుడు దాని గేటు ముందు కూర్చున్నవాళ్ళలో ఎంతమంది రిటైరైన టీచర్లు, ఉద్యోగులో. ఎక్కువ వడ్డీ కోసం అసలునే పణంగా పెట్టారు. అన్ని సొసైటీలూ ఇలాంటివని కాదు. కానీ మీ 8 లక్షలు పోతే పూడ్చుకునే వయసు మనది కాదు.

ఆ 8 లక్షలు ముందు తీయండి. గడువు కాకపోయినా, వడ్డీలో కోత పడినా తీయండి. ఆ డబ్బు, సహకార బ్యాంకులోంచి తగ్గించినది పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. మనిషికి 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది, 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తున్నారు, హామీ కేంద్ర ప్రభుత్వానిది. సొసైటీ ఇచ్చినంత రాకపోవచ్చు గానీ అసలు భద్రంగా ఉంటుంది.

మీ ఆయన బంగారం మాటకి నేను పూర్తిగా అడ్డం చెప్పను. మనవరాలికో కోడలికో కొనండి. 46 లక్షలూ బంగారం చేసి ఎక్కడ పెడతారు? ఇంట్లో పెడితే నిద్ర ఇప్పటికంటే ఎక్కువ చెడుతుంది. లాకరులో పెడితే, దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగినప్పుడు బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే. ఆ లాకరు కూడా బ్యాంకులోనే ఉంటుంది కదా, ఆ మాటా ఆయనతో అనండి.

ఇక మీకు అసలు కష్టమైన పని, పక్కింటి అబ్బాయితో మాట్లాడటం. వాడు మోసగాడని నేను అనడం లేదు. ఇలాంటి చోట్ల ఏజెంట్లు కూడా తమ డబ్బు, అత్తామామల డబ్బు పెట్టి కూర్చుంటారు. వాడితో వాదన వద్దు. ‘అబ్బాయికి డబ్బు పంపాలి నాన్నా, ఎఫ్‌డీ రద్దు చేసుకుంటాను’ అని చెప్పి, మీ ఆయన్ని వెంటపెట్టుకుని మీరే ఆఫీసుకు వెళ్ళండి. దరఖాస్తు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. అసలు రశీదు చెక్కో ఖాతాలో జమో చూశాకే వదలండి, దానికి జిరాక్సు ముందే తీసి పెట్టుకోండి. ‘వచ్చే నెల రండి మేడమ్’ అన్నారంటే ఆ నెల ఆగకండి. కలెక్టరు గారికి, జిల్లా సహకార అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. డిపాజిటర్ల రక్షణకు 1999లో చేసిన రాష్ట్ర చట్టం ఒకటుంది, దాని కింద పోలీసులు కూడా కేసు తీసుకోవాలి. ఇంకా డబ్బులిస్తున్న రోజుల్లో వెళ్ళినవాళ్ళకీ, గేటుకి తాళం పడ్డాక వెళ్ళినవాళ్ళకీ చాలా తేడా ఉంటుంది. ఈ సోమవారమే వెళ్ళండి.